లారీ డ్రైవింగ్‌లో ఎక్కువ జీతం ఎక్కడ ఉంది? తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఒక లెక్క

క్లుప్తంగా: డ్రైవర్ల కొరత ఉందని అందరూ అంటున్నా జీతాలు అన్ని బండ్లకూ ఒకేలా పెరగడం లేదు. వెంటనే మరొకరిని తెచ్చి కూర్చోబెట్టలేని సీట్లకే డబ్బు చేరుతోంది. ప్రమాదకర సరుకుల ట్యాంకర్లు, భారీ యంత్రాల ట్రైలర్లు, ప్రభుత్వ పోస్టులు ఆ కోవలోవి. విదేశాల్లో వినిపించే పెద్ద అంకెలకు అక్కడి లైసెన్స్ వ్యవస్థ, పని గంటల చట్టాలు కారణం. ఆ దారిలో వెళ్లేవారు జీతం కంటే ముందు వీసా రకాన్ని, ఒప్పందాన్ని చూడాలి.

విదేశాల్లో ట్రక్కు నడిపితే నెలకు లక్షలు వస్తాయని చెప్పే వీడియోలకు కొదవ లేదు. మరోవైపు చిత్తూరు, రేణిగుంట, నాయుడుపేట లారీ ఆఫీసుల్లో వినిపించే మాట వేరు. బండ్లు ఉన్నాయి, నడిపేవాళ్లు దొరకడం లేదు అని యజమానులు అంటారు. నడిపితే మిగిలేది ఏమీ లేదు అని డ్రైవర్లు అంటారు. రెండూ నిజమే కావడం వల్లే ఈ విషయం గందరగోళంగా ఉంది. మనుషులు తక్కువైతే జీతం పెరగాలి కదా? కొన్ని బండ్లకు పెరిగింది, చాలా బండ్లకు లేదు. తేడా ఎక్కడ పుడుతోందో తెలియాలంటే, అందరూ ఉదాహరణగా చూపే అమెరికా నుంచే మొదలుపెట్టడం మంచిది.

అమెరికా అంకెల వెనుక ఉన్నది

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2024 మే నాటికి అక్కడి భారీ ట్రక్కు డ్రైవర్ల మధ్యస్థ వార్షిక వేతనం 57,440 డాలర్లు. అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. డాలరు 85 రూపాయలు అనుకుంటే సుమారు 49 లక్షలు. అక్కడి అద్దె, ఆరోగ్య బీమా, పన్నులు తీసేయకుండా ఈ అంకెను రూపాయల్లోకి మార్చి చూపించడమే వీడియోలు చేసే మొదటి మాయ.

మధ్యస్థానికి బాగా పైన ఉన్నవారు ఎవరన్నది ఆసక్తికరం. సొంత సరుకును సొంత బండ్లలో తరలించే పెద్ద కంపెనీల డ్రైవర్లు అందులో ముందుంటారు. వాల్‌మార్ట్ 2022లో తన డ్రైవర్లకు మొదటి ఏడాదిలోనే 1,10,000 డాలర్ల వరకు ఇస్తామని ప్రకటించింది. అయితే ఆ ఉద్యోగం బయటి నుంచి వచ్చే కొత్తవారికి దొరకదు. కొన్నేళ్ల అనుభవం, మచ్చలేని రికార్డు ఉన్నవారినే తీసుకుంటారు. చిన్న సరుకులను కలిపి ఒక డిపో నుంచి మరో డిపోకు రాత్రిపూట చేర్చే లైన్‌హాల్ డ్రైవర్లు, ముఖ్యంగా కార్మిక సంఘం బలంగా ఉన్న సంస్థల్లో, రెండో వరుసలో ఉంటారు. ఆ తర్వాత ట్యాంకర్లు, పరిమాణం మించిన లోడ్లు, కార్లను మోసే ట్రైలర్లు.

వీరిలో చాలామందికి లైసెన్స్ మీద అదనపు అక్షరాలు ఉంటాయి. ప్రమాదకర పదార్థాలకు హెచ్, ట్యాంకులకు ఎన్, రెండూ కలిపితే ఎక్స్, రెండు మూడు ట్రైలర్లు తగిలించి లాగడానికి టీ. ఒక్కో అక్షరానికి ఒక్కో పరీక్ష. హెచ్ అక్షరానికి నేపథ్య విచారణ కూడా ఉంటుంది. 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తవారికి గుర్తింపు పొందిన చోట ప్రవేశ శిక్షణ తప్పనిసరి అయింది. ప్రతి మెట్టు దగ్గరా కొందరు ఆగిపోతారు. మెట్లు ఎక్కినవారు తక్కువ కాబట్టే వారికి ధర ఎక్కువ.

అలాగని అక్కడంతా సుఖమే అనుకోనక్కరలేదు. చాలామందికి జీతం మైలు లెక్కన వస్తుంది. గోదాము ముందు బండి నిలిచిపోతే మైళ్లు తిరగవు, డబ్బు రాదు. సరుకు ఎక్కించడానికి, దించడానికి అయ్యే ఆలస్యం వల్ల ట్రక్కు డ్రైవర్ల వార్షిక ఆదాయం మొత్తం మీద 110 కోట్ల నుంచి 130 కోట్ల డాలర్ల దాకా తగ్గుతోందని అమెరికా రవాణా శాఖ తనిఖీ విభాగం 2018లో అంచనా వేసింది. నిరీక్షణ సగటున 15 నిమిషాలు పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందని కూడా ఆ నివేదికే చెప్పింది. పోయిన సమయాన్ని రోడ్డు మీద రాబట్టుకోవాలన్న తొందరే ఇందుకు కారణమని అర్థం చేసుకోవడం కష్టం కాదు. 1938 నాటి వేతన చట్టం ప్రకారం రాష్ట్రాల మధ్య తిరిగే ట్రక్కు డ్రైవర్లకు ఓవర్‌టైం హక్కు వర్తించదు.

ఇక మన యువకులకు అసలు సంగతి. 2025 ఆగస్టు 21న అమెరికా ప్రభుత్వం వాణిజ్య ట్రక్కు డ్రైవర్లకు పని వీసాల జారీని నిలిపివేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంగ్లిష్ ప్రావీణ్యం నిబంధనను కఠినంగా అమలు చేయాలని అధ్యక్షుడి ఆదేశం వచ్చింది. సెప్టెంబరులో, అక్కడ స్థిర నివాసం లేని విదేశీయులకు ఇచ్చే వాణిజ్య లైసెన్సుల మీద ఆంక్షలు పడ్డాయి. ఇంత జరిగాక కూడా ట్రక్కు డ్రైవర్‌గా అమెరికా పంపిస్తామని అడ్వాన్సు అడిగే ఏజెంటును నమ్మడానికి కారణమేదీ కనిపించదు.

ఇక్కడ ప్రవేశానికి అడ్డుగోడ ఎందుకు పొట్టిది

మన దేశంలో భారీ వాహన లైసెన్స్‌కు వెళ్లే దారి కాగితం మీద కఠినంగానే కనిపిస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. అంతకుముందు కనీసం ఏడాదిపాటు తేలికపాటి వాహన లైసెన్స్ ఉండాలి. 2019 వరకు ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత నిబంధన ఉండేది. చదువు లేక నైపుణ్యం ఉన్నవారు ఉపాధి కోల్పోతున్నారని కేంద్రం దాన్ని ఎత్తివేసింది. అదే ఏడాది సవరణతో రవాణా లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మరో తలుపు తెరిచింది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాలను తేలికపాటి వాహన లైసెన్స్‌తోనే నడపవచ్చని తీర్పు చెప్పింది. బీమా పరిహారం విషయంలో పేద డ్రైవర్లకు ఇది పెద్ద ఊరట. జీతం కోణంలో మాత్రం దీని ఫలితం వేరుగా ఉంటుంది. పట్టణం చుట్టూ కూరగాయలు, పార్సిళ్లు, సిమెంటు బస్తాలు చేర్చే చిన్న లారీల సీటుకు ఇప్పుడు కారు నడిపే ప్రతి ఒక్కరూ పోటీదారే. అందుకే చిన్న సరుకు వాహనాల్లో జీతం ఒక హద్దు దాటి పెరగదు.

మన వ్యవస్థలో నిజమైన గోడ అనదగ్గది ప్రమాదకర సరుకుల నిబంధన. పెట్రోలు, వంటగ్యాసు, ఆమ్లాలు, ద్రవ ఆక్సిజన్ తరలించే బండి నడపాలంటే 1989 కేంద్ర నిబంధనల్లోని తొమ్మిదో నియమం ప్రకారం గుర్తింపు పొందిన సంస్థలో మూడు రోజుల శిక్షణ ధ్రువపత్రం కావాలి. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లిష్ కూడా చదవడం, రాయడం రావాలి. లైసెన్స్ మీద ప్రత్యేక నమోదు ఉండాలి. దాని గడువు మూడేళ్లే.

చదవడం రావాలన్న షరతు ఎందుకో ట్యాంకర్ వెనుక ఉన్న పలకను చూస్తే తెలుస్తుంది. పలక మీద సరుకు పేరు, వజ్రాకారపు గుర్తు, అత్యవసర ఫోన్ నంబర్లు, వాటి మధ్య ఒక నాలుగంకెల సంఖ్య. 1203 అంటే పెట్రోలు, 1075 అంటే ఎల్పీజీ, 1073 అంటే ద్రవ ఆక్సిజన్. క్యాబిన్‌లో ఉండాల్సిన అత్యవసర కార్డులో లీకైతే ఏమి చేయాలో, నీళ్లు చల్లవచ్చో కూడదో రాసి ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు అగ్నిమాపక సిబ్బంది వచ్చేలోపు ఆ కార్డు చదవగలిగే మనిషి డ్రైవర్ ఒక్కడే. చమురు కంపెనీల కాంట్రాక్టుల్లో డ్రైవర్ ధ్రువపత్రాలు, బండి ఫిట్‌నెస్ గట్టిగా తనిఖీ అవుతాయి కాబట్టి రవాణాదారు ఆ నమోదు లేని మనిషిని సీట్లో కూర్చోబెట్టలేడు. అలాంటి చోట డ్రైవర్‌కు బేరమాడే శక్తి వస్తుంది.

సరుకును బట్టి జీతం

తిరుపతి, చిత్తూరు జిల్లాల గుండా వెళ్లే సరుకు దక్షిణాదిలోనే వైవిధ్యం ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి. మదనపల్లె టమోటా, చిత్తూరు మామిడి గుజ్జు, పాలు, కుప్పం వైపు గ్రానైట్ దిమ్మెలు, శ్రీకాళహస్తి ఇనుప పైపులు, కరకంబాడి బ్యాటరీలు, శ్రీసిటీ ఫ్యాక్టరీల కంటైనర్లు, చెన్నై, కృష్ణపట్నం రేవుల ఎగుమతులు, దిగుమతులు అన్నీ ఈ రోడ్ల మీదే. అందువల్ల ఇక్కడి డ్రైవర్‌కు ఎంపిక ఎక్కువ. కానీ ఏ సరుకు ఎలా చెల్లిస్తుందో చాలామంది లెక్క వేసుకోరు.

టమోటా, మామిడి వంటివి వేగాన్ని బట్టి చెల్లిస్తాయి. సమయానికి మార్కెట్ చేరితే బత్తా బాగుంటుంది, ఆలస్యమైతే కోత. పైగా సీజన్ అయిపోతే బండి ఖాళీ. 2025లో తోతాపురి ధర పడిపోయి ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు, అందులో 4 రూపాయలు తన వాటాగా ప్రకటించాల్సి వచ్చినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల ముందు సరుకు వాహనాలు బారులు తీరాయి. రైతు నష్టం గురించి చాలా చర్చ జరిగింది, జరగాలి కూడా. క్యూలో నిలబడిన డ్రైవర్‌కు ఆ రోజుల జీతం ఎవరు ఇచ్చారన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినిపించలేదు. ట్రిప్పు లెక్కన పనిచేసేవారికి నిరీక్షణ అంటే ఉచిత సేవ.

పాల ట్యాంకర్ విషయం కాస్త విచిత్రం. ద్రవంతో నిండిన బండికి ఒక ప్రమాదం ఉంటుంది. బ్రేకు వేస్తే బండి ఆగినా లోపలి ద్రవం ఆగదు. ముందుకు దూకి బండిని నెడుతుంది, మలుపులో పక్కకు లాగుతుంది. ట్యాంకు సగం నిండి ఉంటే ఇది ఇంకా ఎక్కువ. ఇంధన ట్యాంకర్లలో అలను ఆపే అడ్డు పలకలు ఉంటాయి. పాలు, నూనె వంటి ఆహార ద్రవాల ట్యాంకులను ప్రతి ట్రిప్పుకూ కడగాలి కాబట్టి అలాంటి అడ్డులు తక్కువగా పెడతారు. నడపడానికి నైపుణ్యం ఎక్కువే కావాలి. కానీ పాలు ప్రమాదకర సరుకు కాదు, ప్రత్యేక లైసెన్స్ అక్కర్లేదు. కాబట్టి ఆ నైపుణ్యానికి విడిగా ధర కట్టే విధానం లేదు. జీతాన్ని నిర్ణయించేది కష్టం ఒక్కటే కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ ప్రాంతంలో దొరకదు. పాల బండికి ఉన్న మేలు వేరు: ఏడాది పొడవునా పని, ఒకే దారి, ఇంటికి తిరిగి వచ్చే సమయం ముందే తెలియడం.

కంటైనర్ ట్రైలర్లలో చూడాల్సింది నెలకు ఎన్ని ట్రిప్పులు పడతాయన్నది. శ్రీసిటీ నుంచి చెన్నై పరిసరాల రేవులకు దూరం తక్కువ. కాగితాలు సిద్ధంగా ఉంటే వరుసగా ట్రిప్పులు పడతాయి, రేవు గేటు దగ్గర వరుస పెరిగితే ఒక రోజు అక్కడే గడిచిపోతుంది. తెలుగు, తమిళం రెండూ మాట్లాడే సరిహద్దు డ్రైవర్లకు ఇక్కడ కాస్త మొగ్గు ఉంటుంది. గేటు దగ్గర, గోదాములో, పోలీసు తనిఖీలో పని త్వరగా జరుగుతుందని యజమానులకు తెలుసు.

అన్నిటికంటే పైన ఉన్నది ఓడీసీ, అంటే పరిమాణం మించిన లోడ్ల రవాణా. ట్రాన్స్‌ఫార్మర్లు, బాయిలర్లు, గాలిమర రెక్కలు మోసే హైడ్రాలిక్ యాక్సిల్ ట్రైలర్లను లాగే పుల్లర్ డ్రైవర్లు గంటకు పది పదిహేను కిలోమీటర్లు మాత్రమే వెళ్లే రోజులు ఉంటాయి. కిలోమీటర్ల లెక్కన చూస్తే వీరికి ఏమీ రాకూడదు. కానీ ఒక్క వంతెన దగ్గర పొరపాటు జరిగితే కోట్ల నష్టం. అందువల్ల వీరికి నెల జీతం, బత్తా రెండూ మామూలు లారీ కంటే బాగా ఎక్కువ. తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటకు రాకెట్ దశలు, పరికరాలు రోడ్డు మార్గంలో వస్తాయి. ఆ తరహా పని ఎంత నెమ్మదిగా, ఎంత జాగ్రత్తగా సాగుతుందో సూళ్లూరుపేట దారిలో చూసినవారికి తెలుసు. ఈ రంగంలోకి నేరుగా ప్రవేశం దాదాపు ఉండదు. ట్రైలర్ మీద కొన్నేళ్లు చేసి, ముందు సహాయకుడిగా చేరినవారే పుల్లర్ సీటు ఎక్కుతారు.

బత్తా పెద్దది, జీతం చిన్నది

ఇక్కడి లారీ రంగంలో ఆదాయం రెండు ముక్కలుగా వస్తుంది. నెల జీతం ఒకటి, ట్రిప్పు ఖర్చులకు ఇచ్చే బత్తా ఒకటి. చాలా చోట్ల రెండోదే పెద్దది. తిండి, బయట పార్కింగు, చిన్నా చితకా మరమ్మతులు, దారి మామూళ్లు పోగా మిగిలింది డ్రైవర్‌ది. చేతికి వెంటనే డబ్బు వస్తుంది కాబట్టి డ్రైవర్లకూ ఈ పద్ధతి ఇష్టమే. ఒప్పుకోవాల్సిన విషయం అది.

దెబ్బ తగిలేది ప్రమాదం జరిగిన రోజున. ఉద్యోగుల పరిహారానికి 1923 చట్టం పెట్టిన సూత్రం ఇలా ఉంటుంది: మరణిస్తే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. 30 ఏళ్ల వయసుకు ఆ గుణకం 207.98. లెక్కలోకి తీసుకునే జీతానికి 2020 జనవరి నుంచి 15,000 రూపాయల పరిమితి పెట్టారు. జీతం 15,000గా రుజువైతే కుటుంబానికి 15,59,850 రూపాయలు. యజమాని పుస్తకంలో జీతం 8,000 అని, మిగతాది ప్రయాణ ఖర్చుగా రాసి ఉంటే 8,31,920 రూపాయలు. డ్రైవర్ సంపాదన రెండు సందర్భాల్లోనూ ఒకటే. భవిష్య నిధి, ఈఎస్ఐ విషయంలోనూ ఇదే తేడా. అందువల్ల నెలకు నాలుగైదు వేలు తక్కువ చెప్పినా జీతం మొత్తాన్ని బ్యాంకు ఖాతాలో వేసే కంపెనీ నిజానికి ఎక్కువ ఇస్తున్నట్టే. ఎక్కువ జీతమిచ్చే ఉద్యోగాలను పోల్చే వ్యాసాల్లో ఈ లెక్క సాధారణంగా కనిపించదు.

పని గంటల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, దూర ప్రయాణాల్లో 10 గంటల పరిమితి పెట్టింది. ఇప్పుడది కొత్త కార్మిక కోడ్‌లలో కలిసింది. అయిదుగురి కంటే తక్కువ మందితో నడిచే సంస్థలను ఆ చట్టం మొదటి నుంచీ పట్టించుకోలేదు. ఒకటి రెండు లారీలున్న యజమానులే ఎక్కువగా ఉన్న రంగంలో ఆ మినహాయింపు ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో 2017 డిసెంబరు నుంచి ఇంజనుకు తగిలించిన ఎలక్ట్రానిక్ పరికరం డ్రైవింగ్ గంటలను నమోదు చేస్తుంది. 14 గంటల వ్యవధిలో 11 గంటలకు మించి నడపకూడదు. గంటలకు హద్దు ఉంటే అదే సరుకుకు ఎక్కువ మంది డ్రైవర్లు కావాలి, అప్పుడు జీతం పెరుగుతుంది. హద్దు లేని చోట ఒకే మనిషి ఇద్దరి పని చేస్తాడు, ఒకరి జీతంతో.

సొంత లారీ అనే ఆశ

డ్రైవర్‌గా చేరినవారిలో చాలామంది గమ్యం సొంత బండి. ఎక్కువ సంపాదన అక్కడే ఉందన్న నమ్మకం పూర్తిగా తప్పు కాదు. కాకపోతే అది జీతం కాదు, వ్యాపారం. తిరుపతి నుంచి ఢిల్లీకి సుమారు 2,100 కిలోమీటర్లు. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తే 525 లీటర్ల డీజిలు. లీటరు 95 రూపాయలు అనుకున్నా ఒక వైపుకే దాదాపు 50,000 రూపాయలు. దానిపై టోలు, టైర్ల అరుగుదల, బీమా, కిస్తీ. రిటర్న్ లోడు దొరకడంలో రెండు రోజులు ఆలస్యమైతే ఆ ట్రిప్పు లాభం ఆవిరి.

డీజిలు ధర రాష్ట్రానికొకటి కావడం చిత్తూరు లారీలకు బాగా తెలిసిన చిన్న వెసులుబాటు. కొన్నేళ్లుగా ఆంధ్రప్రదేశ్‌తో పోలిస్తే కర్ణాటకలో లీటరు ధర తక్కువ. పలమనేరు దాటి కర్ణాటకలో అడుగుపెట్టగానే బంకుల ముందు కనిపించే ఏపీ నంబరు బండ్ల వరుసకు కారణం అదే. లీటరుకు అయిదారు రూపాయల తేడా అనుకున్నా 300 లీటర్లు నింపితే పదిహేను వందలు, పద్దెనిమిది వందలు మిగులుతుంది. సొంత బండి యజమానికి లాభం ఇలాంటి చిల్లరలోనే ఉంటుంది. బాడుగలో బేరమాడే శక్తి అతనికి ఉండదు. లోడు ఇచ్చే బ్రోకరు, అడ్వాన్సు ఇచ్చి బ్యాలెన్సును నెలల తరబడి నిలిపే రవాణా కంపెనీ ధర నిర్ణయిస్తారు. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువు పరిమితి పెంచి మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు తీసుకెళ్లింది. రాత్రికి రాత్రి రోడ్డు మీద మోసే సామర్థ్యం పెరిగింది, సరుకు మాత్రం అంతే. లాభం సరుకుదారుకు, భారం కిస్తీ కట్టేవాడికి.

గల్ఫ్, యూరప్ దారులు

రాయలసీమ నుంచి, ముఖ్యంగా కడప, పీలేరు, మదనపల్లె వైపు నుంచి కువైట్‌కు వెళ్లే ఆనవాయితీ పాతది. ఇక్కడ జీతాన్ని నిర్ణయించేది డ్రైవింగ్ నైపుణ్యం కంటే వీసా అంకె. 20వ నంబరు వీసా ఇంటి పనికి, ఇంటి కారు నడపడానికి. కంపెనీ ఉద్యోగానికి 18వ నంబరు. ట్రైలర్, ట్యాంకర్ పని 18 మీదే దొరుకుతుంది. తెలిసినవారి ద్వారా 20 మీద వెళ్లి, తర్వాత మారవచ్చన్న ఆలోచనతో చాలామంది బయలుదేరుతారు. ఆ మార్పు సులువు కాదు. 2024లో కువైట్ జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు మాత్రమే ప్రత్యేకంగా అనుమతించింది.

రిజిస్టరైన ఏజెంటు వసూలు చేయగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద వలస అనుమతి అవసరమని ఉంటుంది. వారు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా వెళ్లాలి. 10 లక్షల ప్రవాసీ బీమాకు రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ఏజెంటుకు లక్షన్నర కట్టి వెళ్లిన మనిషి మొదటి ఏడాది జీతంలో పెద్ద భాగాన్ని అప్పుకే పోస్తాడు. కాబట్టి ఎక్కడ ఎక్కువ జీతం అన్న ప్రశ్నకు ముందు, వెళ్లడానికి ఎంత ఖర్చయింది అన్న ప్రశ్న ఉంటుంది.

యూరప్‌లో పోలండ్, లిథువేనియా కంపెనీలు బయటి దేశాల డ్రైవర్లను తీసుకుంటున్నాయి. అక్కడ లైసెన్స్‌తో పాటు 95 కోడ్ అనే వృత్తి అర్హత తప్పనిసరి. దాన్ని నిలబెట్టుకోవాలంటే ఐదేళ్లకోసారి 35 గంటల శిక్షణ. రోజుకు 9 గంటల డ్రైవింగ్, నాలుగున్నర గంటలకు 45 నిమిషాల విరామం అనే నియమం కఠినంగా అమలవుతుంది. మన బత్తా పద్ధతి అక్కడా ఉండటం మాత్రం కాస్త నవ్వు తెప్పిస్తుంది. కొన్ని తూర్పు యూరప్ కంపెనీల్లో మూల వేతనం చిన్నది, రోజువారీ భత్యం పెద్దది. దేశాల మధ్య వేతన తేడాలను సరిచేయడానికి యూరోపియన్ యూనియన్ 2020లో తెచ్చిన నిబంధనలు 2022 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చాయి.

ప్రభుత్వ సీటు

పక్కనే ఉన్న దారిని చాలామంది పట్టించుకోరు. ఇస్రో కేంద్రాలు అప్పుడప్పుడు భారీ వాహన డ్రైవర్ పోస్టులకు ప్రకటన ఇస్తాయి. పదో తరగతి, భారీ వాహన లైసెన్స్, మొత్తం ఐదేళ్ల అనుభవం అందులో మూడేళ్లు భారీ వాహనం మీద అన్నవి సాధారణ అర్హతలు. ఏడో వేతన సంఘం ప్రకారం రెండో స్థాయి, మూలవేతనం 19,900 నుంచి 63,200 రూపాయల వరకు. పైకి చూస్తే చిన్న అంకె. దానికి మూలవేతనంలో సగానికి పైగా కరువు భత్యం, ఇంటి అద్దె, వైద్యం, పింఛను పథకం కలిపి, ముప్పై ఏళ్ల మీద లెక్కిస్తే సొంత లారీ కంటే మెరుగైన బేరం. ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యాక బస్సు సీటు కూడా ఈ కోవలోకే చేరింది. పోస్టులు అరుదు కావడమే చిక్కు. ఐదేళ్ల అనుభవాన్ని కాగితంతో రుజువు చేయాల్సి రావడం రెండో చిక్కు. నోటి మాట మీద ఉద్యోగం చేసిన లారీ డ్రైవర్ ఇక్కడే ఆగిపోతాడు.

మారుతున్న రోడ్డు, మారే లెక్క

2025లో వచ్చిన నిబంధనతో కొత్తగా తయారయ్యే మధ్యస్థ, భారీ లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది. జీతం కాకపోయినా ఎండాకాలంలో పనిచేసే తీరును ఇది మారుస్తుంది. అదే ఏడాది మే నెలలో అమెరికాలోని టెక్సస్‌లో ఒక కంపెనీ డ్రైవర్ లేని ట్రక్కులతో వాణిజ్య రవాణా మొదలుపెట్టింది. డాలస్, హ్యూస్టన్ మధ్య సూటిగా సాగే రహదారికి, పుత్తూరు, నగరి ఊళ్ల మధ్యనుంచి సాగే మన రోడ్డుకు పోలిక లేదు. ఆ భయం ఇక్కడికి ఇప్పట్లో రాదు.

దగ్గరలో ప్రభావం చూపేది బెంగళూరు, చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే. 262 కిలోమీటర్ల ఈ మార్గం చిత్తూరు జిల్లా మీదుగా వెళ్తుంది. అది పూర్తయితే రెండు నగరాల మధ్య ట్రిప్పు ఒక రాత్రి పని నుంచి అర పూట పనికి దిగుతుంది. ట్రిప్పు లెక్కన బత్తా తీసుకునేవారికి ఒక్కో ట్రిప్పు ధర తగ్గుతుంది, ట్రిప్పుల సంఖ్య పెరుగుతుంది. నెల జీతం మీద ఉన్నవారికి గంటలు తగ్గకపోవచ్చు. కొన్ని కంపెనీలు మన దేశంలో ప్రయత్నించిన రిలే పద్ధతికి మాత్రం ఇలాంటి రోడ్డు అనువైనది. ఒక డ్రైవర్ బండిని మధ్యదారి వరకు తెచ్చి మరొకరికి అప్పగించి, ఎదురు బండి తీసుకుని ఇంటికి వెళ్తాడు. బండి ఆగదు, మనిషి ఇంట్లో నిద్రపోతాడు. చెన్నై, బెంగళూరు మధ్యలో ఉన్న చిత్తూరు, పలమనేరు, బంగారుపాళ్యం అలాంటి మార్పిడి కేంద్రాలకు సరిగ్గా సరిపోతాయి. ఈ పద్ధతిలో బత్తాకు చోటు ఉండదు, జీతమంతా నెల లెక్కనే ఇవ్వాల్సి వస్తుంది. రవాణా కంపెనీలు ఇక్కడ డ్రైవర్లను చేర్చుకునేటప్పుడు ఆ నెల జీతాన్ని ఎంతగా నిర్ణయిస్తాయన్నది, ఎక్స్‌ప్రెస్‌వే తెరిచే నాటికి ఈ ప్రాంతంలో భారీ ట్రైలర్ లైసెన్స్‌తో ఎంతమంది సిద్ధంగా ఉన్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.